పిల్లలతో ఇండోర్ వాటర్ పార్క్‌కి వెళ్లాలంటే ఏం చేయాలి?

వాటర్ పార్క్ అనగానే మన విజయనగరం, శ్రీకాకుళం వాళ్లు ముందు పులిహోర ఎంత కలపాలో లెక్కేస్తారు. చాలా పార్కుల్లో ఆ డబ్బా గేటు దాటదు, బయటి తిండి అక్కడే ఆపేస్తారు. ఏ పిల్లాడిని ఎవరు చూసుకోవాలన్నది మాత్రం నీళ్లలో దిగాక కూడా తేలదు.

రోజు, ప్రయాణం

మంగళ, బుధ, గురువారాల్లో ఏదో ఒకటి. ఆదివారం వద్దు, అంతే. విశాఖ వైపైతే విజయనగరం నుంచి సుమారు 60 కిలోమీటర్లు, పొద్దున్నే కారులో బయల్దేరితే చాలు. హైదరాబాద్ అయితే రాత్రి రైలు. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, ఆ రోజే చేయించండి. శ్రీకాకుళం వాళ్లకు స్టేషన్ ఆమదాలవలసలో ఉంది కాబట్టి ఆటో టైమూ కలుపుకోవాలి. సంక్రాంతి వెళ్లిన వారం అసలు పెట్టుకోకండి. ఊరికొచ్చిన వాళ్లంతా హైదరాబాద్ తిరిగెళ్లేది అప్పుడే.

రైలు దిగి నేరుగా పార్కుకు పరిగెత్తే వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. రాత్రంతా నిద్ర లేని పిల్లలు పదకొండింటికే ఏడుపు మొదలెడతారు. ఒక పూట పడుకుని, మర్నాడు గేటు తెరిచే వేళకు వెళ్లాలి.

బట్టలు, సామాను

నైలాన్ లేదా లైక్రా (సాగే గుడ్డ) ఈత బట్టలు. కాటన్ బట్టలు, చీరలు, జీన్సులతో చాలాచోట్ల దిగనివ్వరు. ఆడవాళ్లకు నిండు చేతులతో, కాళ్లదాకా ఉండేవి దొరుకుతాయి, మొహమాటం అక్కర్లేదు. లోపల అద్దెకిస్తారు గానీ సొంతవి కొనుక్కోవడమే పద్ధతి. పిల్లలకు నీలం రంగు మాత్రం కొనకండి. నీలం బట్టల్లో ఉన్న పిల్లాడు పూల్‌లో మునిగితే కనిపించడు. మెరిసే నారింజ రంగు తీసుకోండి, బాగోలేదని పిల్లాడు అలిగినా సరే. తువ్వాళ్లు, మందులు, తడి బట్టలకు కవర్లు. అయిపోయింది.

నీళ్లలో దిగే ముందు

అందరూ షవర్ చేయాలి. క్లోరిన్ వాసన ఘాటుగా కొడితే నీళ్లు శుభ్రంగా ఉన్నట్టే అనుకుంటారు. కాదు. మన చెమట, పిల్లల మూత్రం క్లోరిన్‌తో కలిసి క్లోరమిన్లు తయారవుతాయి, ఆ ఘాటు వాటిదే. పైన కప్పు ఉంటుంది కాబట్టి గాలి సరిగా ఆడకపోతే అది అక్కడే పేరుకుంటుంది. కళ్లు మండుతాయి, దగ్గు వస్తుంది. ఉబ్బసం ఉన్న పిల్లలుంటే ఇన్‌హేలర్ లాకర్లో కాదు, ఒడ్డున కూర్చున్న పెద్దవాళ్ల చేతిలో ఉండాలి. విరేచనాలవుతున్న పిల్లల్ని తీసుకెళ్లకండి. కొన్ని క్రిములు క్లోరిన్‌కు తొందరగా చావవు.

వేవ్ పూల్: ఇక్కడ నెమ్మదిగా చదవండి

అసలు పని ఇదే. వేవ్ పూల్ అంటే యంత్రాలతో అలలు పుట్టించే కొలను. సైరన్ మోగగానే జనం ఒక్కసారిగా లోపలికి తోసుకొస్తారు, అలలు మొదలవుతాయి. అప్పుడు వినిపించే మాట ఇది: "వదినా, బుజ్జిగాడు నీ దగ్గరున్నాడా?" "లేదే, మీ అన్నయ్య దగ్గరున్నాడనుకున్నా!" పది మంది పెద్దవాళ్లున్న గుంపులోనే ఇలా అవుతుంది. అందరూ చూస్తున్నారంటే ఎవరూ చూడట్లేదని అర్థం. విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజున మూడు లాంతర్ల కూడలి దగ్గర జనంలో పిల్లాడి చెయ్యి చచ్చినా వదలని వాళ్లే, ఇక్కడ నడుములోతు నీళ్లలో వదిలేసి సెల్ఫీ దిగుతారు.

అందుకని ఒక పిల్లకు ఒక పెద్దమనిషి. దిగకముందే పేర్లు పెట్టి పైకి చెప్పండి: "చిన్నది నీది, పెద్దోడు నాది." అరగంటకోసారి మారండి. మారేటప్పుడు "ఇక నువ్వు చూడు" అంటే చాలదు, అవతలి వాళ్లు "చూస్తున్నా" అనాలి. అది వినేదాకా కదలొద్దు.

నిలబడే చోటు కూడా ముఖ్యం. ఒడ్డున కాదు, పిల్లాడికీ లోతుకీ మధ్యన, వాడి మొహం కనబడేలా నిలబడాలి. చెయ్యి చాస్తే అందాలి. అల వెనక్కి లాగినప్పుడు మోకాలిలోతులోనూ చిన్నపిల్లలు పడిపోతారు. మునిగిపోయే పిల్లాడు అరుస్తాడని కూర్చోకండి. నోరు నీళ్లలోకి పోతూ ఉంటే ఊపిరికే టైముండదు, అరుపెక్కడిది? చేతులు ఊపడు, నీళ్లను కిందికి నొక్కుతుంటాడు. నిమిషం కూడా పట్టదు. కప్పు కింద హోరు ప్రతిధ్వనిస్తుంది కాబట్టి మీరు పిలిచినా వాడికి వినపడదు. చూపు ఒక్కటే దిక్కు.

కళ్లజోడు ఉన్నవాళ్లు తీసేసి దిగుతారు, ఇక పిల్లాడెవరో పక్కవాడెవరో తెలియదు. వెనక తాడు కట్టుకుని పెట్టుకోండి, లేదంటే కాపలా వేరేవాళ్లకు ఇవ్వండి. చేతులకు తొడిగే గాలి ట్యూబులు ఆటవస్తువులు, వాటిని నమ్మొద్దు. లైఫ్ జాకెట్ ఇస్తే సరైన సైజు అడిగి వేయించండి. వేసినా మీరు కదలకూడదు. "లైఫ్‌గార్డ్ ఉన్నాడుగా" అంటారు. ఆయన చూడాల్సింది పూల్ మొత్తాన్ని, మీ పిల్లాడొక్కడినే కాదు.

తర్వాత

స్లైడ్ల దగ్గర ఎత్తు కొలిచే గీత ఉంటుంది. కాలి వేళ్ల మీద నిలబెట్టి దాటించకండి. వేవ్ పూల్ అయ్యాకే భోజనం, అదీ బిర్యానీ కాదు, పెరుగన్నం. మూడింటికల్లా బయటపడాలి. అలసిన పిల్లలే కాలు జారి పడతారు. మంచినీళ్లతో స్నానం చేయించి, తల పక్కకు వంచి చెవుల్లోని నీళ్లు బయటికి కారనివ్వండి. దూది పుల్లలు పెట్టకండి. రాత్రి రైలుంటే తడి బట్టలు పార్కులోనే గట్టిగా పిండి కవర్లలో మూటకట్టండి. కింది బెర్తువాళ్లు మీ మీద అరవకుండా ఉంటారు.