పిల్లల అకౌంట్‌ను స్టాండర్డ్‌కు మార్చే ముందు

సికింద్రాబాద్ కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో కొత్త ల్యాప్‌టాప్ కొన్నారా? విండోస్‌లో మొదట తెరిచే అకౌంటే అడ్మినిస్ట్రేటర్ (అడ్మిన్), అంటే ఏ సాఫ్ట్‌వేరైనా ఎక్కించే, సెట్టింగులు మార్చే అధికారం ఉన్నది. చాలా ఇళ్లలో పిల్లలు వాడేదీ అదే. దాన్ని స్టాండర్డ్‌కు, అంటే ఆ అధికారం లేని మామూలు అకౌంట్‌కు మార్చే ముందు ఇవి చూసుకోండి.

• ముందు మీకంటూ ఇంకో అడ్మిన్ అకౌంట్ తెరవండి. పాస్‌వర్డ్ పెట్టి, ఒకసారి లాగిన్ అయి చూడండి. అది పనిచేశాకే పిల్లల అకౌంట్ జోలికి వెళ్లండి. ఈ వరస మాత్రం తప్పొద్దు.

• ఆ పాస్‌వర్డ్ కాగితం మీద రాసి బీరువాలో దాచండి.

• ప్రింటర్, క్లాసుల సాఫ్ట్‌వేర్లు ముందే ఎక్కించండి.

• మార్చాక ప్రింటర్ సాఫ్ట్‌వేర్ లాంటి ఇన్‌స్టాల్ ఫైల్ ఒకటి నొక్కండి. స్క్రీన్ మసకబారి, అడ్మిన్ పాస్‌వర్డ్ అడగాలి. ఉత్త ‘యస్’, ‘నో’ కనిపిస్తే అకౌంట్ ఇంకా మారలేదన్నమాట.

• స్టాండర్డ్ అయినా ఆ అకౌంట్‌లోని ఫొటోలను వైరస్ పాడుచేయగలదు. వాటి కాపీ (బ్యాకప్) వేరే డ్రైవ్‌లోకి తీసి, ఆ డ్రైవ్‌ను ల్యాప్‌టాప్ నుంచి విడిగా పెట్టండి.