చిన్న మోటారు బోటు, 5వ పాఠం: ట్యాంకు ఎక్కడ, బ్యాటరీ ఎక్కడ?

పోయిన పాఠంలో ఇంజను అమరానికి, అంటే బోటు వెనక కొసకు, బిగించాం. ఇప్పుడు పెట్రోలు ట్యాంకు, బ్యాటరీల వంతు.

పైపు, వైరు తక్కువ పడతాయని రెంటినీ ఇంజను పక్కనే, ఒకే పలక కింద పెట్టాలనిపిస్తుంది. చిలికా సరస్సు ఒడ్డున రంభ ఊళ్లో నేను బిగించిన మొదటి బోటులో అలాగే పెట్టాను. నలుగురిని ఎక్కించుకుని చిలికాలోకి వెళ్లినప్పుడు తేడా తెలియలేదు. వాళ్లను దించి ఒక్కణ్నే తిరిగొస్తుంటే అణియం, అంటే బోటు ముందు కొస, పైకి లేచిపోయింది. గాలి దాన్ని పక్కకు నెట్టేస్తోంది. ఎంత తిప్పినా బోటు రేవుకేసి నిలవలేదు.

రెండూ బరువులే, కానీ బ్యాటరీ బరువు మారదు, ట్యాంకు బరువు దారిపొడవునా తగ్గుతుంది. లీటరు పెట్రోలు సుమారు 740 గ్రాములు. 25 లీటర్లంటే 18.5 కిలోలు. బోటు నడిమి నుంచి 2 మీటర్లు వెనక ట్యాంకు ఉంటే 18.5ను 2తో హెచ్చవేయండి, 37. అంటే ట్యాంకు ఖాళీ అయ్యేసరికి 60 కిలోల మనిషి రెండడుగులు ముందుకు జరిగి కూర్చున్నంత మార్పు. అదే అరమీటరు దూరంలో పెడితే 37 కాస్తా 9 అవుతుంది. అందుకే ముందు ట్యాంకు చోటు ఖాయం చేయండి: పొడవులో నడిమికి దగ్గరగా, వెడల్పులో సరిగ్గా మధ్యగీత మీద. ఒక పక్కకు పెడితే పెట్రోలు తగ్గేకొద్దీ బోటు ఒరుగు కూడా మారుతుంది.

బ్యాటరీ మన దిద్దుబాటు రాయి. హ్యాండిల్ పట్టేవాడు కుడివైపు కూర్చుంటే దాన్ని ఎడమవైపు పెట్టండి. అలాగని అణియం దాకా తోసేయకండి. స్టార్టరు 100 ఆంపియర్లు లాగితే 16 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబులులో, 3 మీటర్ల దూరానికి, పోనురాను కలిపి సుమారు 0.7 వోల్టు పోతుంది. దూరం తప్పకపోతే బరంపురంలో 35 సైజు కేబులు కొనండి, అప్పుడు 0.3 దగ్గర ఆగుతుంది. ఈ ఖర్చు దగ్గర వెనకాడొద్దు.

ఇక ఒకే పలక కింద రెండూ ఎందుకు వద్దంటానంటే, పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. కనిపించకుండా బోటు అడుక్కి దిగి నీళ్లలా నిలుస్తుంది. బ్యాటరీ దగ్గర వదులైన ఒక్క నట్టు చాలు, రవ్వ లేస్తుంది. ఛార్జింగులో వచ్చే హైడ్రోజన్ మాత్రం పైకి పోతుంది. కాబట్టి ట్యాంకు అర నుంచి ఆవిరి బోటు బయటికి పోయే దారి అర అడుగున, బ్యాటరీ పెట్టెకు రంధ్రాలు పైన. బ్యాటరీని బోటు అడుగున చేరే నీరు తాకని ఎత్తులో చెక్క మీద పెట్టి, పట్టీ లాగి కట్టండి. చేత్తో ఊపితే పెట్టెతోపాటు బోటు కదలాలి, పెట్టె ఒక్కటే కదలకూడదు. చేత్తో మోసే ట్యాంకును ఎప్పుడూ గట్టు మీదికి దించే నింపండి, మెడ దాకా పోయకండి.

మేకులు కొట్టకముందు ఒక పరీక్ష. గాలి లేని పొద్దున, అన్నీ తాత్కాలికంగా తాళ్లతో కట్టి, మీరు కూర్చునే చోట కూర్చోండి. గట్టు మీద ఒకరు అణియం దగ్గర, అమరం దగ్గర బోటు అంచు నుంచి నీటికి ఎంత ఎత్తుందో టేపుతో కొలవాలి. ట్యాంకు నిండుగా ఒకసారి, ఖాళీగా ఒకసారి. నాలుగు కొలతలూ పలక లోపలివైపు సుద్దతో రాసి ఉంచండి. ఫ్యూజు, స్విచ్చు చోట్లు ఎంచుకునే 6వ పాఠానికి అవి కావాలి.