కార్మిక పరిహారం ఆర్డరుపై హైకోర్టులో అప్పీలు ఎలా వేయాలి?

పనిలో దెబ్బ తగిలి పరిహారం అడిగితే కార్మిక పరిహార కేసులు చూసే కమిషనర్ కేసు కొట్టేశారు, లేదా చేతిలో నామమాత్రం పెట్టారు. అలాంటప్పుడు చేయాల్సింది హైకోర్టుకు అప్పీలు.

ఆర్డరు వచ్చిన రోజే దాని సర్టిఫైడ్ కాపీకి (అధికారికంగా ధ్రువీకరించిన నకలుకు) దరఖాస్తు పెట్టండి. అప్పీలుకు గడువు 60 రోజులే. కాపీ తయారు కావడానికి పట్టిన రోజులను ఆ 60 రోజుల లెక్కలో కలపరు. అందుకే దరఖాస్తు చేసిన తేదీ, కాపీ సిద్ధమైన తేదీ కాపీ మీద సరిగ్గా పడ్డాయో లేదో అక్కడే చూసుకోండి. గడువు దాటితే ఆలస్యాన్ని మన్నించమని విడిగా పిటిషన్ వేయాలి. ఆస్పత్రిలో ఉండి ఆలస్యమైతే ఆ చీటీలన్నీ జతచేయండి.

తర్వాతది అసలైన పని: ఆర్డరును వాక్యం వాక్యం చదవడం. హైకోర్టు మళ్లీ మొదటి నుంచి సాక్షులను విచారించదు. 1923 ఉద్యోగుల పరిహార చట్టం 30వ సెక్షన్ ప్రకారం ఆర్డరులో గట్టి న్యాయపరమైన తప్పు ఉంటేనే అప్పీలు నిలుస్తుంది. "నాకు అన్యాయం జరిగింది" అని రాస్తే చాలదు. ఏ సాక్ష్యాన్ని పట్టించుకోలేదు, చట్టంలోని ఏ లెక్క తప్పారు అన్నది చూపించాలి.

ఒక ఉదాహరణ. ఒక వడ్రంగికి ఎడమ చెయ్యి మోచేతి పైదాకా తీసేశారు. ఒక్క చేత్తో వడ్రంగం సాగదు కాబట్టి అతని సంపాదన శక్తి పూర్తిగా పోయినట్టేనని 1975లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. పరిహారం ప్రమాదం జరిగిన రోజు నుంచే బాకీ అని కూడా చెప్పింది. మీ ఆర్డరులో డాక్టరు రాసిన శాతం మాత్రమే చూసి మీ వృత్తిని వదిలేశారా? పరిహారంపై 12 శాతం వడ్డీని ఆర్డరు తేదీ నుంచి లెక్కకట్టారా? అవే మీ గ్రౌండ్లు, అంటే అప్పీలుకు కారణాలు.

వివాదంలో ఉన్న సొమ్ము కనీసం 10,000 రూపాయలు ఉండాలి. కమిషనర్ నిర్ణయానికి కట్టుబడతామని ఇరుపక్షాలూ ముందే ఒప్పుకుని ఉంటే అప్పీలు లేదు. అందుకే రాజీ కాగితంపై సంతకం పెట్టేముందు ఆగి ఆలోచించండి.

2025 నవంబరు 21 నుంచి 1923 చట్టం స్థానంలో సామాజిక భద్రత కోడ్ అమల్లోకి వచ్చింది. 60 రోజుల గడువు, న్యాయపరమైన ప్రశ్న ఉండాలన్న షరతు అందులోనూ ఉన్నాయి. మీ కేసుకు ఏ చట్టం వర్తిస్తుందో తేల్చడానికి, ప్రమాదం జరిగిన తేదీ మాత్రం వకీలుకు మొదటి మాటగా చెప్పండి.

అప్పీలు మెమో, సర్టిఫైడ్ కాపీ, వకాల్తా, కింద దాఖలైన పత్రాల నకళ్లు సిద్ధం చేసుకుని, ఆంధ్రప్రదేశ్ వాళ్లయితే అమరావతిలో, తెలంగాణ వాళ్లయితే హైదరాబాద్‌లో ఉన్న హైకోర్టులో దాఖలు చేయాలి. వకీళ్లు దీన్ని సి.ఎం.ఎ. (సివిల్ మిసలేనియస్ అప్పీలు) అంటారు.

అప్పీలుకు వెళ్లింది యజమాని అయితే టెన్షన్ పడకండి. పరిహారం ఇవ్వమన్న ఆర్డరు మీద అతను అప్పీలు వేయాలంటే ఆ సొమ్ము మొత్తం ముందు కమిషనర్ దగ్గర డిపాజిట్ చేయాలి, చేసినట్టు సర్టిఫికెట్ జతపరచాలి. అది లేకపోతే వెంటనే అభ్యంతరం చెప్పండి. అప్పీలు నడుస్తోందని డిపాజిట్ సొమ్మును ఆపే అధికారాన్ని కమిషనర్‌కు ఇచ్చిన 30ఎ సెక్షన్‌ను 2017లో తీసేశారు. హైకోర్టు స్టే ఇవ్వకపోతే సొమ్ము ఇప్పించమని కమిషనర్‌కు దరఖాస్తు పెట్టుకోండి.

వకీలు ఫీజుకు భయపడి చాలామంది ఇక్కడే ఆగిపోతారు. పారిశ్రామిక కార్మికులకు, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. 15100కు ఫోన్ చేసి, హైకోర్టు న్యాయ సేవల కమిటీ ద్వారా వకీలు కావాలని అడగండి. 60 రోజుల్లో మొదటి వారంలోనే అడిగితే వకీలుకు ఆర్డరు చదివే సమయం మిగులుతుంది.