టాస్క్‌లెట్ తీసి వర్క్‌క్యూ పెట్టేటప్పుడు ముందు రిమూవ్ ఫంక్షన్ చదవండి

పాత లినక్స్ డ్రైవర్ ఒకటి మీ చేతికొచ్చింది, లోపల టాస్క్‌లెట్ (ఇంటరప్ట్ తర్వాత మిగిలిన పనిని చేసే పాత పద్ధతి) ఉంది, దాన్ని వర్క్‌క్యూగా (అదే పనిని వర్కర్ థ్రెడ్‌కి అప్పగించే పద్ధతి) మార్చమన్నారు. చాలామంది ఏం చేస్తారంటే టాస్క్‌లెట్_సెటప్ ఉన్నచోట ఇనిట్_వర్క్, టాస్క్‌లెట్_షెడ్యూల్ ఉన్నచోట క్యూ_వర్క్, టాస్క్‌లెట్_కిల్ ఉన్నచోట క్యాన్సిల్_వర్క్_సింక్ పెట్టేసి, కంపైల్ అయింది కదా అని ప్యాచ్ పంపేస్తారు. బోర్డు మీద బాగానే నడుస్తుంది కూడా. ఎప్పుడో మాడ్యూల్ తీసేటప్పుడు, అదీ యాభైసార్లకి ఒకసారి, కెర్నల్ కూలుతుంది, దాని లాగ్ చూస్తే అసలు మీ డ్రైవర్ పేరే ఉండకపోవచ్చు.

నాకు సరిగ్గా ఇదే జరిగింది. చిన్న సెన్సార్ డ్రైవర్. రిమూవ్‌లో, అంటే డ్రైవర్‌ని తీసేటప్పుడు కెర్నల్ పిలిచే ఫంక్షన్‌లో, క్యాన్సిల్_వర్క్_సింక్ పిలిచాను, ఇంకేం కావాలి అనుకున్నాను. కానీ ఇంటరప్ట్‌ని డెవ్ఎం_రిక్వెస్ట్_ఐఆర్‌క్యూతో తీసుకున్నాను. డెవ్ఎంతో (తీసుకున్నవాటిని కెర్నలే విడుదల చేసే ఏర్పాటు) తీసుకున్నవి రిమూవ్ ఫంక్షన్ పూర్తయ్యాకే విడుదలవుతాయి. అంటే నేను వర్క్ ఆపేసిన తర్వాత కూడా ఇంటరప్ట్ బతికే ఉంది. ఆ సందులో సెన్సార్ ఒక్కసారి లైన్ లాగితే చాలు, హ్యాండ్లర్ మళ్లీ వర్క్‌ని క్యూలో పెడుతుంది, ఈలోపు డెవ్ఎం వాళ్ల మెమరీ విడుదల అయిపోతుంది, తర్వాత వర్కర్ వచ్చి లేని స్ట్రక్చర్‌ని తెరుస్తుంది. రెండు రోజులు పట్టింది పట్టుకోవడానికి, కెఏఎస్ఏఎన్ (మెమరీ తప్పులు పట్టే కెర్నల్ సాధనం) ఆన్ చేశాకే దొరికింది.

కాబట్టి మొదటి పని: ఈ వర్క్‌ని క్యూలో పెట్టగలిగేవాళ్లు ఎవరెవరో ఒక కాగితం మీద రాసుకోండి. ఇంటరప్ట్ హ్యాండ్లర్, టైమర్, సిస్‌ఎఫ్ఎస్ ఫైల్ (డ్రైవర్‌ని బయటి నుంచి నడిపించే ఫైల్), రెజ్యూమ్ ఫంక్షన్, ఎవరైనా సరే. రిమూవ్‌లో ముందు వాళ్లందరి నోరు మూయించాలి, ఆ తర్వాతే వర్క్‌ని ఆపాలి. ఇంటరప్ట్ అయితే ఫ్రీ_ఐఆర్‌క్యూ ముందు. లేదా అంతా డెవ్ఎంలోనే ఉంచాలనుకుంటే, ప్రోబ్‌లో (పరికరం డ్రైవర్‌కి దొరికినప్పుడు నడిచే ఫంక్షన్) డెవ్ఎం_వర్క్_ఆటోక్యాన్సిల్ ముందు పిలిచి, ఇంటరప్ట్ తర్వాత తీసుకోండి. డెవ్ఎం చివర తీసుకున్నదాన్ని ముందు వదులుతుంది కాబట్టి ఇంటరప్ట్ పోయాక వర్క్ ఆగుతుంది. టైమర్ వర్క్‌ని లేపడం, వర్క్ మళ్లీ టైమర్‌ని పెట్టడం లాంటి చక్రం ఉంటే ఏ ఒక్కదాన్ని ఆపినా రెండోది దాన్ని లేపుతుంది. దానికోసమే కెర్నల్ 6.2లో టైమర్_షట్‌డౌన్_సింక్ వచ్చింది, అది పిలిచాక టైమర్‌ని ఎవరూ మళ్లీ పెట్టలేరు. ముందు అది, తర్వాత క్యాన్సిల్_వర్క్_సింక్.

ఇంకో ఉచ్చు, వర్క్ తీసుకునే మ్యూటెక్స్‌నే (దొరికేదాకా స్లీప్ చేసే లాక్) మీరు పట్టుకుని క్యాన్సిల్_వర్క్_సింక్ పిలవడం. వర్క్ లాక్ కోసం, మీరు వర్క్ కోసం, ఇద్దరూ అలాగే ఉండిపోతారు.

ఇప్పుడు అసలు ఏది ఎంచుకోవాలో చూద్దాం. టాస్క్‌లెట్ సాఫ్ట్‌ఐఆర్‌క్యూలో (ఇంటరప్ట్ అవ్వగానే కెర్నల్ మిగతా పని చేసే చోటు) నడుస్తుంది, అక్కడ స్లీప్ చేయకూడదు, అంటే సీపీయూ వదిలి ఆగకూడదు. ఐ టు సి (చిప్‌లతో మాట్లాడే నెమ్మది బస్) మీద రిజిస్టర్ చదవాలంటే స్లీప్ తప్పదు. మీ పని మొత్తం "ఇంటరప్ట్ వచ్చింది, చిప్‌ని చదివాను, అయిపోయింది" అయితే వర్క్‌క్యూ కూడా అక్కర్లేదు, రిక్వెస్ట్_థ్రెడెడ్_ఐఆర్‌క్యూ వాడండి, ఫ్రీ_ఐఆర్‌క్యూ పిలిస్తే థ్రెడ్ కూడా ఆగుతుంది, పైన చెప్పిన తలనొప్పిలో సగం పోతుంది. నేనైతే ఎప్పుడూ ముందు దీన్నే ప్రయత్నిస్తాను. ఇంటరప్ట్‌తో పాటు వేరే చోట్ల నుంచి కూడా పని రావాలంటే మామూలు వర్క్‌క్యూ. ఆలస్యం అస్సలు పనికిరాదు, స్లీప్ కూడా అవసరం లేదు అంటే 6.9లో వచ్చిన బీహెచ్ వర్క్‌క్యూ, అది సాఫ్ట్‌ఐఆర్‌క్యూలోనే నడుస్తుంది కాబట్టి టాస్క్‌లెట్‌కి చాలా దగ్గర.

ఆలస్యం సంగతి లెక్కేసి చూడండి, ఊహించుకోవద్దు. సీరియల్ పోర్ట్ 1,15,200 బాడ్ అనుకుందాం, బైట్‌కి 10 బిట్లు, అంటే ఒక్కో బైట్ సుమారు 87 మైక్రోసెకన్లు. 16550ఎ చిప్‌లో ఫైఫో (వచ్చిన బైట్లు ఆగే చిన్న క్యూ) 16 బైట్లు, ఖాళీగా ఉన్నదైనా 1.4 మిల్లీసెకన్లలో నిండిపోతుంది. వర్కర్ థ్రెడ్ మామూలు షెడ్యూలర్ కింద ఉంటుంది, లోడ్ ఉన్నప్పుడు 2 మిల్లీసెకన్లు ఆగడం పెద్ద విశేషం కాదు, బైట్లు పోతాయి. అందుకే ఫైఫో ఖాళీ చేసే పని ఇంటరప్ట్‌లోనే ఉంచి, మిగతాది వర్క్‌కి ఇవ్వండి.

లాక్‌ల దగ్గర ఎక్కువమంది పడతారు. టాస్క్‌లెట్ లోపల స్పిన్_లాక్ (దొరికేదాకా స్లీప్ లేకుండా తిరుగుతూ ఉండే లాక్) ఒట్టిగా వాడినా సరిపోయేది, ఎందుకంటే అది సాఫ్ట్‌ఐఆర్‌క్యూలోనే ఉంది, అదే సీపీయూ మీద ఇంకో సాఫ్ట్‌ఐఆర్‌క్యూ మధ్యలో దూరదు. వర్క్ అలా కాదు, అది ప్రాసెస్ కాంటెక్స్ట్, అంటే మామూలు థ్రెడ్‌లో నడుస్తుంది. అదే లాక్‌ని టైమర్ కూడా తీసుకుంటుంటే, వర్క్ లాక్ పట్టుకున్న సమయంలో అదే సీపీయూ మీద టైమర్ వచ్చి ఆ లాక్ కోసమే తిరుగుతూ ఉండిపోతుంది. అక్కడ స్పిన్_లాక్_బీహెచ్ పెట్టాలి. ఆ లాక్‌ని వాడేవాళ్లంతా ప్రాసెస్ కాంటెక్స్ట్‌లోనే ఉన్నారని తేలితే మ్యూటెక్స్ చేసేయండి, లాక్ బయట ఉన్న జీఎఫ్‌పీ_అటామిక్‌లు (స్లీప్ లేకుండా మెమరీ అడిగేవి) కూడా జీఎఫ్‌పీ_కెర్నల్ (స్లీప్ చేయగలిగేవి) అవుతాయి. మార్పు వల్ల నిజంగా వచ్చే లాభం ఇదే.

టాస్క్‌లెట్_డిసేబుల్ ఎక్కడైనా కనిపిస్తే ఆగి చూడండి. అది ఆపి ఉన్నప్పుడు షెడ్యూల్ చేసిన పని పోదు, మళ్లీ ఎనేబుల్ చేయగానే నడుస్తుంది. డిసేబుల్_వర్క్_సింక్ అలా కాదు, పెండింగ్‌లో ఉన్నదాన్ని కొట్టేస్తుంది, ఆపి ఉన్నంతసేపు వచ్చినవాటిని తీసుకోదు. అందుకే మళ్లీ తెరిచేటప్పుడు ఎనేబుల్_అండ్_క్యూ_వర్క్ వాడి ఒకసారి కావాలనే నడిపించాలి, లేకపోతే పరికరం మాట్లాడదు, ఎందుకో మీకు అంతుపట్టదు.

డ్రైవర్‌కి సొంత వర్క్‌క్యూ కావాలా అంటే, సాధారణంగా అక్కర్లేదు. 2010లో టెజున్ హియో రాసిన మార్పుతో, 2.6.36 నుంచి వర్కర్లందరూ ఉమ్మడి పూల్‌లో ఉంటారు. కానీ మొత్తం క్యూని ఫ్లష్ చేయాల్సి (అందులోని పనులన్నీ అయ్యేదాకా ఆగాల్సి) వస్తే మాత్రం సొంతది పెట్టుకోండి, సిస్టమ్ క్యూని ఫ్లష్ చేస్తే ఇతరుల పని కోసం కూడా మీరు కాచుక్కూర్చోవాలి. స్టోరేజ్ డ్రైవర్ అయితే సొంత క్యూకి డబ్ల్యూక్యూ_మెమ్_రీక్లెయిమ్ తప్పనిసరి, మెమరీ అయిపోయినప్పుడు ఆ డ్రైవర్ ముందుకు కదిలితేనే మెమరీ ఖాళీ అవుతుంది కాబట్టి.

పరీక్షకి కెఏఎస్ఏఎన్, ప్రూవ్_లాకింగ్, డీబగ్_అటామిక్_స్లీప్, డీబగ్_ఆబ్జెక్ట్స్_వర్క్ అనే తనిఖీ ఆప్షన్లు అన్నీ ఆన్ చేసి కెర్నల్ కట్టుకోండి. పరికరం నుంచి డేటా జోరుగా వస్తుండగానే సిస్‌ఎఫ్ఎస్‌లో డ్రైవర్‌ని అన్‌బైండ్ చేసి మళ్లీ బైండ్ చేసే చిన్న లూప్ రాసి రాత్రంతా వదిలేయండి. పరికరం ఖాళీగా కూర్చుని ఉంటే ఆ లూప్ వెయ్యిసార్లు తిరిగినా నా సెన్సార్‌లో వచ్చిన తప్పు బయటపడదు, ఆపేసిన తర్వాత ఇంటరప్ట్ రావాలి కదా. నేను ఆ రాత్రి సెన్సార్‌ని టేబుల్ ఫ్యాన్ స్టాండ్‌కి టేపుతో అంటించి వదిలేశాను, అది ఊగుతూనే ఉంది.