కంప్యూటర్ మనమే బిగిద్దాం – 4: క్యాబినెట్‌లోకి మదర్‌బోర్డు

గత పాఠంలో ప్రాసెసర్‌ని సాకెట్‌లో కూర్చోబెట్టాం, ర్యామ్‌ని టక్కుమనేదాకా నొక్కాం. ప్రాసెసర్‌ని చల్లబరిచే కూలర్‌కి వెనకపక్క పలక అవసరమైతే అదీ బిగించేశాం. ఇప్పుడు ఆ బోర్డుని క్యాబినెట్‌లోకి దించాలి. బోర్డు లోపలికి వెళ్లకముందు చేసే పనే ఈ పాఠంలో ముఖ్యం. అది సరిగ్గా చేస్తే స్క్రూలు బిగించడానికి పది నిమిషాలు కూడా పట్టదు.

క్యాబినెట్‌ని పక్కకి పడుకోబెట్టండి. బోర్డు కూర్చునే రేకు కిందికి, తెరిచిన వైపు పైకి ఉండాలి. నిలబెట్టి బిగించాలని చూస్తే ఒక చేత్తో బోర్డు మోస్తూ ఇంకో చేత్తో స్క్రూ తిప్పాలి, ఆ అవస్థ ఎందుకు? పని మొదలుపెట్టే ముందు రంగు వేయని రేకు భాగాన్ని ఒకసారి చేత్తో తాకండి, మధ్యమధ్యలో కూడా తాకుతూ ఉండండి. ఒంట్లో చేరిన స్థిరవిద్యుత్తు బోర్డు మీదికి పోకుండా ఉంటుంది.

ఇక స్టాండాఫ్‌లు. ఇవి ఒక చివర మర, ఇంకో చివర స్క్రూ దిగే రంధ్రం ఉన్న చిన్న ఇత్తడి దిమ్మలు. బోర్డుని రేకుకి తగలకుండా ఎత్తి పట్టేవి ఇవే. బోర్డుని తిరగేసి చూస్తే వెనకంతా టంకం చుక్కలు ముళ్లలా పొడుచుకొని కనిపిస్తాయి. అవి లోహానికి తగిలాయంటే షార్టే. అందుకే స్టాండాఫ్‌లు ఎక్కడ ఉన్నాయన్నది ఎంత ముఖ్యమో, ఎక్కడ ఉండకూడదన్నదీ అంతే ముఖ్యం.

క్యాబినెట్ తయారీదారు కొన్నింటిని ముందే బిగించి పంపుతాడు. అవి మీ బోర్డుకి సరిపోతాయని నమ్మేయకండి. బోర్డుల సైజులు రకరకాలు: ఏటీఎక్స్ బోర్డు 305 × 244 మిల్లీమీటర్లు, దానికి మామూలుగా తొమ్మిది రంధ్రాలు. మైక్రో ఏటీఎక్స్ గరిష్ఠంగా 244 × 244, దాని రంధ్రాల చోట్లు కొన్ని వేరు. మినీ ఐటీఎక్స్ 170 × 170, నాలుగే రంధ్రాలు. బోర్డుని రేకు మీద పైపైన పట్టుకొని, దాని రంధ్రాల్లోంచి కిందికి చూడండి. ప్రతి రంధ్రం కింద ఒక స్టాండాఫ్ కనపడాలి. తర్వాత బోర్డు తీసేసి లెక్కపెట్టండి. రంధ్రాల కన్నా స్టాండాఫ్‌లు ఎక్కువ ఉంటే ఆ అదనపుది ఎక్కడుందో వెతికి ఊడదీయాల్సిందే. స్విచ్ నొక్కగానే ఫ్యాన్ ఒక్క క్షణం కదిలి ఆగిపోతుంటే నేను మొదట అనుమానించే చోట్లలో ఇదొకటి. తక్కువైతే వేరే నష్టం: తర్వాత 24 పిన్నుల పవర్ కేబుల్‌ని గట్టిగా నొక్కినప్పుడు ఆధారం లేని చోట బోర్డు కిందికి వంగుతుంది.

కొన్ని క్యాబినెట్లలో నడిమి దిమ్మకి రంధ్రం ఉండదు, పైన చిన్న మొన ఉంటుంది. బోర్డుని సరైన చోటికి తెచ్చుకోవడానికే అది, అక్కడ స్క్రూ అక్కర్లేదు.

స్క్రూల సంచి విప్పితే చూడ్డానికి ఒకేలా ఉండే రెండు రకాలు దొరుకుతాయి: మోటు మర ఉన్న 6-32, సన్న మర ఉన్న ఎం3. మీ స్టాండాఫ్‌కి ఏది సరిపోతుందో బోర్డు పెట్టకముందే చేత్తో తిప్పి చూడండి. సరైనదైతే వేళ్లతోనే సాఫీగా దిగుతుంది. పట్టేస్తుంటే బలవంతం చేయకండి, మర చెడిపోతుంది.

తర్వాత వెనక పోర్టుల చుట్టూ వచ్చే పల్చటి రేకు, ఐఓ షీల్డ్. ఈమధ్య చాలా బోర్డులకి అది ముందే అతికి వస్తోంది. విడిగా వస్తే లోపలి నుంచి పెట్టి, నాలుగు మూలలూ టక్కుమనేదాకా నొక్కండి. అంచులు పదునుగా ఉంటాయి, జాగ్రత్త. దాని లోపలివైపు స్ప్రింగుల్లాంటి రేకు నాలుకలు ఉంటాయి. బోర్డు దించేటప్పుడు ఒక నాలుక యూఎస్‌బీ పోర్టులోకో నెట్‌వర్క్ పోర్టులోకో దూరిపోవచ్చు, లోపలి నుంచి చూస్తే తెలియదు. బోర్డు కూర్చున్నాక క్యాబినెట్ వెనక్కి వెళ్లి, ఒక్కో పోర్టూ టార్చి వేసి చూడండి.

బోర్డు దించే ముందు ఇంకొక్క పని. ప్రాసెసర్‌కి కరెంటిచ్చే ఎనిమిది పిన్నుల కేబుల్‌ని పై ఎడమ మూలలో ఉన్న సందులోంచి ఇప్పుడే లాగి ఉంచండి. బోర్డు, కూలర్ వచ్చాక ఆ సందులో వేలు కూడా పట్టదు.

ఇప్పుడు బోర్డుని అంచులు పట్టుకొని, పోర్టుల వైపు కాస్త కిందికి వంచి షీల్డ్‌లోకి జరుపుతూ దించండి. షీల్డ్ నాలుకలు బోర్డుని వెనక్కి నెడుతుంటాయి కాబట్టి రంధ్రాలు వెంట్రుకవాసి తేడాతో పక్కకి కనపడతాయి. మెల్లగా షీల్డ్ వైపు నెట్టి పట్టుకొని మొదటి స్క్రూ వేయండి. అన్నింటినీ ముందు వదులుగా తిప్పి, అన్నీ దిగాకే ఎదురెదురు మూలల చొప్పున బిగించండి. స్క్రూ ఆగిన చోట ఇంకొక్క చిన్న తిప్పు చాలు, బలమంతా పెట్టక్కర్లేదు. స్క్రూ జారి బోర్డు కిందికి పోతే మాత్రం దాన్ని తీసేదాకా ముందుకెళ్లొద్దు, బోర్డు ఎత్తాల్సి వచ్చినా సరే.

వచ్చే పాఠంలో కేబుళ్లు. ఈలోగా మీ బోర్డు మాన్యువల్‌లో క్యాబినెట్ ముందువైపు ప్యానెల్ (స్విచ్, లైట్లు ఉండే చోటు) పిన్నుల బొమ్మ ఉన్న పేజీ వెతికి పెట్టుకోండి. పవర్ లైటుకి ప్లస్ ఎటో, మైనస్ ఎటో అందులోనే ఉంటుంది.