డెల్టాలోని పాత కోర్టు భవనాన్ని పరిశీలించే పద్ధతి

గోదావరి డెల్టాలో బ్రిటిషు కాలపు కోర్టు భవనం ఎప్పటిదో తెలుసుకోవాలనుకునేవారు సాధారణంగా గోడమీది శిలాఫలకాన్ని వెతుకుతారు. ఫలకం చెప్పేది ఒక ప్రారంభోత్సవం గురించో, ఒక విస్తరణ గురించో మాత్రమే. ఇటువంటి భవనాలు చాలావరకు దశలవారీగా పెరిగినవి కనుక, మొత్తానికి ఒకే సంవత్సరం ఖాయం చేయకుండా గోడకు, కప్పుకు, వరండాకు విడివిడిగా కాలం నిర్ణయించాలి.

పరిశీలన కాగితాలతో మొదలుపెట్టండి. మద్రాసు ప్రెసిడెన్సీలో జిల్లా కోర్టులు 1802లో ఏర్పడ్డాయి. 1859లో రాజమండ్రి, మచిలీపట్నం, గుంటూరు జిల్లాలను పునర్వ్యవస్థీకరించి గోదావరి, కృష్ణా జిల్లాలు చేశారు. 1873 నాటి మద్రాసు సివిల్ కోర్టుల చట్టం జిల్లా కోర్టు, సబ్ కోర్టు, జిల్లా మునసబు కోర్టు అన్న వరుసను స్థిరపరిచింది. నరసాపురం, భీమవరం, తణుకు ప్రాంతాలు 1904 నుంచి 1925లో పశ్చిమ గోదావరి ఏర్పడేవరకు కృష్ణా జిల్లాలో ఉన్నాయి కాబట్టి, ఆ కాలపు దస్త్రాలను కృష్ణా జిల్లా పేరుతో వెతకాలి. 1907లో హెమింగ్వే కూర్చిన గోదావరి జిల్లా గెజిటీరులో (జిల్లా వివరాల అధికారిక గ్రంథం) ఈ ఊళ్ల వివరాలు ఆశించవద్దు. అలాగే కలెక్టరు కాకినాడలో ఉన్నా జిల్లా కోర్టు రాజమండ్రిలో ఉండేది. ఈ సంగతి మరచినవారు తప్పు ఊళ్లో వెతుకుతారు.

ఆవరణలో ఫొటోలు తీయడానికి న్యాయాధికారి అనుమతి ముందుగానే తీసుకోండి.

భవనం దగ్గర మొదట నేలమట్టం చూడాలి. డెల్టాలో వరద భయం ఎప్పుడూ ఉన్నదే. 1986 ఆగస్టు వరదలో నీరు ఎంతవరకు వచ్చిందో ఊరి పెద్దలను అడిగి, మెట్ల ఎత్తుతో పోల్చుకుంటే కట్టినవారి ముందుచూపు బోధపడుతుంది. గోడలు ఎక్కువగా ఇటుక, సున్నంతో కట్టినవే, ఎందుకంటే ఒండ్రునేలలో రాయి దొరకదు. ధవళేశ్వరం వైపు కొండల నుంచి తేవాలి. 1852లో ఆనకట్ట పూర్తయి కాలువల్లో పడవలు నడిచిన తరువాత ఆ రవాణా సులువైంది.

అసలు విషయం కప్పులో ఉంటుంది, అక్కడ తొందరపడవద్దు. గచ్చు ఊడినచోట కిందినుంచి చూస్తే దూలాలమీద పలుచని ఇటుకలు నిలువంచున, ఏటవాలు వరుసల్లో కనిపించవచ్చు. ఇదే మద్రాసు టెర్రస్: ఆ ఇటుకలమీద సున్నం, ఇటుక ముక్కల కాంక్రీటు పరచి, కొయ్య పలకలతో రోజుల తరబడి కొట్టి గట్టిపరచేవారు. ఈ పద్ధతి చాలాకాలం వాడుకలో ఉంది కాబట్టి కప్పును చూసి మాత్రమే కాలం తేల్చలేము, దూలాలు చూడాలి. టేకు దూలాలు సాధారణంగా ముందుకాలానికి, ఇనుప దూలాలు తరువాతి కాలానికి చెందుతాయి. ఇనుముమీద తయారీదారు పేరు పోతపోసి ఉంటే రాసుకోండి. బరువైన సరుకు ఒకప్పుడు కాకినాడ రేవునుంచి కాలువల మీదుగా వచ్చేది. 1900లో రాజమండ్రి దగ్గర గోదావరిమీద రైలు వంతెన తెరిచాక దారి మారింది. వరండాకు మంగుళూరు పెంకులు ఉంటే, అటువంటి పెంకుల తయారీ మంగుళూరులో 1865లో మొదలైంది కనుక ఆ కప్పు అంతకుముందుది కాదు. వరండా గోడ, హాలు గోడ కలిసేచోట ఇటుక వరుసల కట్టు కలవకపోతే వరండా తరువాత చేర్చినదే. నా అనుభవంలో ఇంతకు మించి నమ్మదగిన సాక్ష్యం లేదు.

లోపల న్యాయమూర్తి వేదిక, దాని వెనుక ఛాంబరు తలుపు, బోను స్థానం గీసుకోండి. ఎత్తైన గోడల్లో గాలికిటికీలు, పంకా (కప్పునుంచి వేలాడే, మనిషి తాడుతో లాగి ఊపే పెద్ద విసనకర్ర) తాడు బయటికి పోయే రంధ్రం, పంకా కొక్కేలు ఇంకా మిగిలి ఉండవచ్చు. పక్కనే సబ్‌జైలు ఉంటే అది పాత తాలూకా కచేరీ (రెవెన్యూ కార్యాలయం) కావచ్చు, ఎందుకంటే ఆ రోజుల్లో రెవెన్యూ అధికారులకే మేజిస్ట్రేటు అధికారాలుండేవి.

మరమ్మతులు ప్రతిపాదించినట్టు తెలిస్తే, పని మొదలయ్యేలోపే ప్రతి గోడను ఫొటో తీసి, రోడ్లు భవనాల శాఖకు లిఖితపూర్వకంగా ఒక విన్నపం పెట్టండి: సున్నపు గోడమీద సిమెంటు పూత వద్దని, గానుగ సున్నమే వాడమని. సిమెంటు లోపలి చెమ్మను బయటికి పోనివ్వదు. డెల్టా గాలిలోని తేమకు ఇటుక పొడి రాలడం మొదలై, పూత పెచ్చులుగా ఊడుతుంది.