క్వాంటం డాట్ల పాఠాలు – 4: టన్నెలింగ్ గ్రాఫ్‌లో పీక్‌లు చదవడం

గత పాఠంలో ఎస్‌టీఎం (స్కానింగ్ టన్నెలింగ్ మైక్రోస్కోప్) సూదిని బంగారు పలక మీదున్న ఒక్క డాట్ (కొన్ని నానోమీటర్ల సెమీకండక్టర్ స్ఫటికం) పైకి తెచ్చాం. మధ్యలోని సన్నని సందును ఎలక్ట్రాన్లు దాటడమే టన్నెలింగ్. ఇప్పుడు సూదిని కదపకుండా వోల్టేజీ మారుస్తూ కరెంటు కొలుస్తాం. "మా కాలేజీలో ఎస్‌టీఎం లేదు కదా" అని హనుమకొండలో గదులు తీసుకుని చదువుకుంటున్న ఎమ్మెస్సీ మిత్రులు దిగులుపడొద్దు. ఈ పాఠానికి గ్రాఫ్ పేపరు, స్కేలు చాలు.

కరెంటు గీత మెట్లుమెట్లుగా పెరుగుతుంది. ఎలక్ట్రాన్‌కు డాట్‌లో కొత్త స్థాయి అందినప్పుడల్లా ఒక మెట్టు. మెట్లు సరిగా కనబడవు కాబట్టి వాలు, అంటే వోల్టేజీతో కరెంటు మారే రేటు (డీఐ/డీవీ) గీస్తాం. మెట్టు ఉన్నచోట పీక్ లేస్తుంది. పలకకు పాజిటివ్ వోల్టేజీ ఇస్తే కండక్షన్ బ్యాండ్ (ఖాళీగా ఉండే పై స్థాయిలు) పీక్‌లు, నెగెటివ్ ఇస్తే వాలెన్స్ బ్యాండ్ (ఎలక్ట్రాన్లతో నిండిన కింది స్థాయిలు) పీక్‌లు కనిపిస్తాయి.

1999లో జెరూసలేంలో ఊరి బానిన్, ఓడెడ్ మిలో అనే శాస్త్రవేత్తల బృందం ఇండియం ఆర్సెనైడ్ డాట్లను 4.2 కెల్విన్ దగ్గర ఇలాగే కొలిచింది. పాజిటివ్ వైపు ముందు రెండు పీక్‌లు, కాస్త ఎడం, ఆపైన ఆరు. ఎస్‌లో 2, పి‌లో 6: పరమాణువులో ఎస్, పి ఆర్బిటాళ్లకు పట్టే ఎలక్ట్రాన్ల లెక్కే! వేల పరమాణువుల ముద్ద ఒక్క పరమాణువులా నడుచుకుంటోందని ఇంత సూటిగా చూపిన గ్రాఫ్ నాకు మరొకటి తెలియదు.

ఎస్ స్థాయి ఒక్కటే కదా, పీక్‌లు రెండెందుకు? మొదటి ఎలక్ట్రాన్ లోపల ఉండగా రెండోది రావాలంటే వికర్షణను దాటాలి. ఆ అదనపు ఖర్చే చార్జింగ్ శక్తి.

లెక్క చేద్దాం. పీక్‌లు 0.9, 1.0 వోల్టుల దగ్గర, మూడోది 1.5 దగ్గర ఉన్నాయనుకోండి. మొదటి ఎడం 0.1, అది చార్జింగ్ శక్తి. రెండో ఎడం 0.5లో చార్జింగ్, ఎస్–పి తేడా రెండూ కలిసి ఉంటాయి. 0.1 తీసేస్తే ఎస్–పి తేడా 0.4 ఎలక్ట్రాన్ వోల్ట్. చాలామంది 0.5 అనే రాస్తారు, ఇక్కడ జాగ్రత్త. వోల్టేజీ అంతా సూదికీ డాట్‌కీ మధ్యే పడుతోందని ఇక్కడ అనుకున్నాం. నిజానికి కొంత డాట్‌కీ బంగారానికీ మధ్య పడుతుంది. 90 శాతమే సూది వైపు పడితే జవాబును 0.9తో గుణించాలి.

ఇక సూది ఎత్తు. కాజీపేట–వరంగల్ బస్సులో ఎక్కేవాళ్ల కంటే దిగేవాళ్లు వేగంగా ఉంటే బస్సు ఖాళీగానే ఉంటుంది. సూదిని దూరం జరిపితే డాట్‌లోకి ఎలక్ట్రాన్ల రాక నెమ్మదిస్తుంది, అప్పుడు డాట్ కూడా అంతే: ఒక ఎలక్ట్రాన్ బంగారంలోకి దిగిపోయాకే ఇంకొకటి వస్తుంది.

అభ్యాసం: పై డాట్ మీదే సూదిని అలా దూరం జరిపాం. పాజిటివ్ వైపు ఎస్, పి పీక్‌లు మొత్తం ఎన్ని కనిపిస్తాయి? వాటి మధ్య ఎడం ఎంత? జవాబు అయిదో పాఠంలో.